పరిసరాల విజ్ఞానం చెప్పబోతున్న మేనకోడలికి

ఒంగోలు

చిరంజీవి బుజ్జికి,

నువ్వు బడిలో చేరిన దగ్గర్నుంచీ రాద్దామనుకుంటూ ఉన్నాను, ఇప్పటికి కుదిరింది. ఫోన్లో చెప్పొచ్చు గానీ, నువ్వు ఫోన్లో ‘ఊఁ, ఊఁ’ అంటూ ఇంకో పని చేసుకుంటావు. కాగితమైతే కనీసం మడిచి బ్యాగులో పెట్టుకుంటావు.

మొన్న నువ్వు ఏమన్నావు? “అత్తా, ఇంటర్లో నాది సీఈసీ. మూడు, నాలుగు, ఐదు తరగతుల పరిసరాల విజ్ఞానం నాకే అంటగట్టారు. పిల్లలు ఏదన్నా అడిగితే ఏం చెప్పను? మెటీరియల్ ఏమన్నా ఉంటే పంపు” అన్నావు. డీఎస్సీ గట్టెక్కిన పిల్లకి ఇంకా ఈ భయమేమిటని మీ నాన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మన ప్రాథమిక బడుల్లో సైన్సు చెప్పేవాళ్లలో చాలామందిది నీ పరిస్థితే. ఎస్‌జీటీ అన్నాక తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు, అన్నీ ఒక్కరే చెప్పాలి. సైన్సు డిగ్రీ చదివినవాళ్లు హైస్కూలు పోస్టుల వైపు పోతారు. ఈ ఏర్పాటు మనం చేసింది కాదు కాబట్టి దానికి సిగ్గుపడాల్సిన పని కూడా మనకు లేదు.

ఇక మెటీరియల్ అంటావా, అది కావలసినంత ఉంది. ఎక్కడుందో చెబుతాను. కానీ మెటీరియల్ లేక ఆగిపోయిన సైన్సు టీచర్లను నేను పెద్దగా చూడలేదు. మాట్లాడటానికి ఇంకో టీచరు లేక ఆగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. ఉత్తరం చదివేటప్పుడు ఈ మాట మనసులో పెట్టుకో.

ముందు ఒక పని చెప్తాను, వచ్చేవారం చెయ్యి. ప్రార్థన అయ్యాక బడి ఆవరణలో ఎండ పడేచోట మూరెడు కర్ర పాతించు. నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూడమను. తాపీమేస్త్రి కొడుకు ఎవడో ఒకడుంటాడు, ఆ పని నీకంటే వాడికి బాగా వచ్చు. పదకొండున్నర నుంచి ఐదు నిమిషాలకోసారి నీడ కొస దగ్గర ఒక పుల్ల గుచ్చాలి, స్కేలుతో నీడ పొడవు కొలవాలి, నోటుబుక్కులో టైము పక్కన రాయాలి. భోజనం గంట కొట్టినా ఇద్దరిని కాపలా పెట్టు. వాళ్లు తినొచ్చాక ఇంకో ఇద్దరు. పన్నెండు ముప్పావు దాకా సాగనీ.

నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది సరిగ్గా పన్నెండింటికని పిల్లలనుకుంటారు, నువ్వూ అనుకుంటావు. నవంబరు మొదట్లో కొలిస్తే పన్నెండు కాకముందే, ఆరేడు నిమిషాల ముందు అవుతుంది. ఫిబ్రవరిలో కొలిస్తే పన్నెండు దాటి ఇరవై నిమిషాలు పైబడుతుంది. మన దేశంలో గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టుకుని నడుస్తాయి. ఆ రేఖ మన రాష్ట్రంలో కాకినాడ పక్కగా పోతుంది. మనం దానికి రెండున్నర డిగ్రీలు పడమటగా ఉన్నాం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు మన దగ్గరికి పది నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. దానికి తోడు భూమి ఇరుసు వాలి ఉంది, సూర్యుడి చుట్టూ తిరిగే దారి కూడా నిండు గుండ్రం కాదు. అందుకని ఏడాది పొడుగునా ఆ లెక్క కొంచెం ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటుంది.

ఇదంతా మూడో తరగతికి చెప్పమనడం లేదు. ఐదో తరగతికి కూడా వద్దు, ఇది నీకోసం. “మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి రాలేదు టీచర్” అని వాళ్ల నోటితో వాళ్లు అంటే ఆ రోజు పాఠం అయిపోయినట్టే. ఆ తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు, “అయితే గడియారం తప్పా, సూర్యుడు తప్పా?” అని. వెంటనే జవాబు చెప్పెయ్యకు. వెనక గోడకి ఒక డ్రాయింగు కాగితం అతికించి ప్రశ్న దాని మీద రాయించు, కింద అడిగిన పిల్ల పేరు రాయించు. రెండు వారాల్లో కాగితం నిండుతుంది.

ఆ కర్రని తీసెయ్యకుండా ఉంచితే ఇంకో వేడుక కూడా ఉంది. ఒంగోలు 15.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆగస్టు 10 అటూ ఇటూగా, పన్నెండుంబావు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా ఉన్న కర్రకి నీడ ఉండదు. మబ్బు పడితే మన ఖర్మ. మే మొదట్లో ఇంకోసారి వస్తుంది గానీ అప్పటికి సెలవులిచ్చేస్తారు. ఇంటి దగ్గర చూసి రమ్మని చెప్పి పంపించు.

ఇక నీ బడి ఉన్న చోటు సంగతి. చీమకుర్తి పక్కన ఉండి సైన్సు సామాను లేదంటే ఎట్లా? అక్కడి నల్లరాయిని బ్లాక్ గెలాక్సీ పేరుతో ప్రపంచమంతా కొనుక్కుంటుంది. వ్యాపారంలో దాన్ని గ్రానైట్ అంటారు, భూగర్భ శాస్త్రజ్ఞులు మాత్రం గాబ్రో జాతి రాయిగా లెక్కేస్తారు. లోపల బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజం స్ఫటికాలు. కోత మిల్లుల బయట పాలిషు పట్టిన ముక్కలు పారేసి ఉంటాయి. నాలుగు పెద్దవాళ్లతో ఏరించు, పిల్లలని అటు పంపకు. సుత్తి కూడా వాళ్ల చేతికివ్వకు, చెక్క లేచి కంట్లో పడుతుంది. పాలిషు ముక్క, పాలిషు లేని ముక్క, ఇటుక ముక్క, వాగులో దొరికే గులకరాయి, నాలుగూ వరసగా పెట్టి లెన్సుతో చూడమను. నీళ్ల చుక్క వేసి ఏది పీల్చుకుంటుందో చూడమను. కొత్తపట్నం బీచికి వెళ్లినప్పుడు గుప్పెడు గవ్వలు, ఆలుచిప్పలు తెచ్చిపెట్టుకో. ఒక ఆలుచిప్పని అరగదీసి దాని మీద నిమ్మరసం పిండితే సన్నగా బుడగలు లేస్తాయి. గ్రానైట్ మీద పిండితే ఏమీ కాదు. ఎందుకని? ఈ ప్రశ్న కూడా గోడ మీదికే.

ఆ పిల్లల తండ్రులు కొంతమంది క్వారీల్లో, మిల్లుల్లో పనిచేస్తూ ఉంటారు. ఒకాయన్ని అరగంట బడికి పిలువు. రాయిని దేంతో కోస్తారో, కోసేటప్పుడు నీళ్లెందుకు పోస్తారో, దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ఏమవుతుందో ఆయన చెప్తాడు. ఏ కిట్టులోనూ ఆయన దొరకడు. బడికొచ్చి కుర్చీలో కూర్చుని మాట్లాడాక ఆయన కొడుకు తరగతిలో కూర్చునే తీరు కూడా మారుతుంది, గమనించు.

కిట్టంటే గుర్తొచ్చింది. హెచ్.ఎం. గదిలో బీరువా ఉంటుంది, చూశావా? 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చినప్పుడు ప్రాథమిక బడులకు సైన్సు కిట్లు ఇచ్చారు. ఆ తర్వాత కూడా ఏదో ఒక పథకం కింద వస్తూనే ఉన్నాయి. నేను పనిచేసిన బడుల్లో సగం కిట్లు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండానే రిటైరయ్యాయి. టీచర్లు బద్ధకస్తులని బయటివాళ్లు అంటారు. అసలు కారణం స్టాకు రిజిస్టరు. లెన్సు పగిలితే ఎవరు కట్టాలి? చార్జి అప్పజెప్పేటప్పుడు ఒక థర్మామీటరు తక్కువైతే ఎవరు సంజాయిషీ రాయాలి? తాళం వేసి ఉంటే ఏ ప్రశ్నా రాదు. కాబట్టి నువ్వు బీరువా తెరవక ముందు ఒక కాగితం పని చెయ్యి. విద్యా కమిటీ సమావేశంలో “పిల్లలు వాడేటప్పుడు పగిలిన, అరిగిన వస్తువులను రిజిస్టరులో తరుగు కింద రాయవచ్చు” అని తీర్మానం రాయించి హెచ్.ఎం. గారి సంతకం తీసుకో. ఆయన కాదనడు, ఆయన భయం కూడా అదే. పాదరసం థర్మామీటరు కనబడితే మాత్రం దాన్ని పిల్లల చేతికివ్వకుండా పక్కన పెట్టు. కరెంటు ప్లగ్గుతో పెట్టుకోకు, టార్చిలైటు బ్యాటరీలు చాలు.

డీపీఈపీ రోజుల్లో బోధనోపకరణాలకని టీచరుకి ఏడాదికి 500 రూపాయలిచ్చేవారు. మంచి పనే. కానీ ఆ డబ్బులో చాలాభాగం థర్మకోల్ షీట్లకీ, స్కెచ్ పెన్నులకీ పోయింది. మేళాలో పెట్టడానికి రంగు రంగుల గుండె బొమ్మ, అగ్నిపర్వతం. ఎగ్జిబిషన్ అయ్యాక అటక మీదికి. పిల్లవాడు ముట్టుకోవడానికి వీల్లేని ఉపకరణం గోడకి అందం తప్ప పాఠానికి పనికిరాదని నా గట్టి అభిప్రాయం. గుండె కొట్టుకోవడం తెలియాలంటే మణికట్టు మీద వేలు పెట్టి లెక్కపెట్టించు. గ్రౌండు చుట్టూ ఒక పరుగు తీయించి మళ్లీ లెక్కపెట్టించు.

తక్కువ సామానుతో సైన్సు చెప్పడం మన పేదరికం కనిపెట్టిన ఉపాయమని చిన్నబుచ్చుకోకు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎన్నో దేశాల్లో బడులు, వాటితోపాటు ల్యాబులు నేలమట్టమైతే, అక్కడి టీచర్ల కోసమని యునెస్కో 1948లో ఒక చిన్న పుస్తకం వేసింది. డబ్బాలు, సీసాలు, తీగముక్కలతో ప్రయోగాలు చేసుకోవడం ఎట్లాగో అందులో ఉంది. దాన్నే పెంచి 1956లో సైన్సు బోధనకు సోర్స్ బుక్‌గా తెచ్చారు. అది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. అంటే మనం చేసే డబ్బా ప్రయోగాల్లో చాలావాటికి తాత ముత్తాతలు అందులోనే ఉన్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మధ్యప్రదేశ్‌లో హోశంగాబాద్ అని ఒక జిల్లా, ఇప్పుడు దాని పేరు నర్మదాపురం. 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు అక్కడి 16 పల్లెటూరి బడుల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు కొత్తరకంగా సైన్సు చెప్పించడం మొదలుపెట్టాయి. 1978కి అది జిల్లా అంతా పాకింది. 1982లో పుట్టిన ఏకలవ్య సంస్థ తర్వాత దాన్ని నడిపింది. పిల్లల పుస్తకం పేరు ‘బాల్ వైజ్ఞానిక్’. అందులో ప్రయోగాలున్నాయి, ప్రశ్నలున్నాయి, జవాబులు మాత్రం అచ్చు వేయలేదు. జవాబు ప్రయోగం చేసి రాబట్టుకోవాలి. పరీక్షకి పుస్తకం పట్టుకెళ్లొచ్చు. పిల్లలు సవాలీరామ్ అనే ఒక కల్పిత పెద్దమనిషికి ఉత్తరాలు రాసేవాళ్లు, వాటికి జవాబులొచ్చేవి. నీ గోడ మీద ప్రశ్నల కాగితం చెప్పానే, అది అక్కడి నుంచి నేను ఎత్తుకొచ్చిన బుద్ధే.

అందరూ ఆ కిట్టు గురించి, ఆ పుస్తకం గురించి చెబుతారు. నాకు నచ్చింది వేరే. ఢిల్లీ విశ్వవిద్యాలయం, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి శాస్త్రవేత్తలు వచ్చి శిక్షణలో ఆ బడిపంతుళ్లతో కలిసి ప్రయోగాలు చేశారు. శిక్షణ అయ్యాక టీచర్లని వాళ్ల ఖర్మకి వదిలెయ్యలేదు. బడికి మనిషి వచ్చి చూసేవాడు, తప్పులు పట్టుకోవడానికి కాదు, సాయం చెయ్యడానికి. నెలనెలా టీచర్లు కలిసి కూర్చునేవాళ్లు. ఏ ప్రయోగం కుదిరింది, ఏది చెడింది, పిల్లలేం అడిగారు, ఇవే కబుర్లు. పుస్తకాన్ని దిద్దేటప్పుడు కూడా ఆ టీచర్ల మాట విన్నారు. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్లు నడిచిన మంచి పని ఒక ఉత్తర్వుతో ఆగిపోవడం మన దేశంలో వింతేమీ కాదులే, కోపం మాత్రం వస్తుంది.

నీకు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలున్నాయి. వాటిలో సర్క్యులర్లు చదువుతారు, ఫార్మాట్లు నింపుతారు, టీ తాగుతారు, ఫొటో తీసి గ్రూపులో పెడతారు. తెలుసు. అయినా ఆ గదిలో నీలాంటివాళ్లు పదిమంది ఉంటారు, ప్రభుత్వమే టీఏ లెక్కలతో సహా మిమ్మల్ని ఒకచోట కూర్చోబెడుతోంది. అందులో అరగంట అడుగు. కాంప్లెక్స్ హెచ్.ఎం. గారిని ముందుగా కలిసి, ఒక్క ప్రయోగం చేసి చూపిస్తానని చెప్పు. కుదిరినదాన్ని పట్టుకెళ్లకు, కుదరనిదాన్ని పట్టుకెళ్లు. శనగలు మొలకెత్తకుండా కుళ్లిపోయిన గిన్నె తీసుకెళ్లి, “నాకు ఇట్లా అయింది, మీకెట్లా అయింది?” అని అడుగు. నీళ్లెక్కువయ్యాయని ఒకరంటారు, గింజలు పాతవని ఒకరంటారు, గాలి తగల్లేదని ఒకరంటారు. మూడు రకాలుగా మళ్లీ పెట్టి చూద్దామని అనుకున్నారంటే నీ పంట పండినట్టే. సైన్సు వచ్చినవాళ్లలా కనబడాలని అక్కడ ఎవరికీ ఉండదు, ఎవరో ఒకరు మొదట నోరు తెరవాలి అంతే.

అదే గదికి హైస్కూలు బయోసైన్సు టీచరో, ఫిజికల్ సైన్సు టీచరో వస్తే వాళ్లని వదలకు. గోడ మీద జవాబు దొరకని ప్రశ్నలు నెలకోసారి రాసి వాళ్లకివ్వు. ముప్పై మంది ఉన్న వాట్సాప్ గ్రూపు గుడ్ మార్నింగులకి పనికొస్తుంది. పనికొచ్చే మాటలకి నలుగురైదుగురితో వేరే గ్రూపు పెట్టుకో. పిల్లల ముందు “నాకు తెలీదు, కనుక్కుందాం” అనడం మొదటిసారి గొంతుకి అడ్డం పడుతుంది. కనుక్కునే చోటంటూ ఒకటుంటే ఆ మాట అనడం తేలికవుతుంది. తోడు కావాలని నేను గోల పెట్టేది అందుకే.

ఎంఈఓ గారు విజిట్‌కి వచ్చిన రోజే మీ తరగతి కర్ర చుట్టూ మూగి అరుస్తూ ఉంటుంది, అది రాసిపెట్టి ఉంటుంది. ఆ రోజు పనిని లెసన్ ప్లానులో ముందే రాసి ఉంచుకో. అభ్యసన ఫలితాల జాబితాలో ఏ అంశం కిందికి వస్తుందో పక్కన వేసుకో. పిల్లల నోటుబుక్కులో కొలతలుంటే ఇంకెవరూ ఏమీ అనరు.

ఇక పుస్తకాలు. హోశంగాబాద్ పనికి వచ్చినవాళ్లలో అరవింద్ గుప్తా అని ఒకాయన ఉన్నాడు. కాన్పూరు ఐఐటీలో చదివి, టెల్కో ఉద్యోగంలో ఉండగా 1978లో సెలవు పెట్టి అక్కడికి చేరాడు. సంతలో దొరికే సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి ఆకారాలు కట్టడం అక్కడే మొదలుపెట్టాడు. మూడు పుల్లల త్రిభుజాన్ని నొక్కితే కదలదు, నాలుగు పుల్లల చతురస్రం ఒరిగిపోతుంది. ఇది చేయించిన రోజు సాయంత్రం ఇంటికి వెళ్తూ పిల్లలు సెల్ టవరుని చూసి ఆగిపోతారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వెబ్‌సైటులో బొమ్మల వీడియోలు, పుస్తకాలు అన్నీ ఉచితం, తెలుగులో ఉన్న పుస్తకాలు కూడా చాలానే ఉన్నాయి. జన విజ్ఞాన వేదిక వాళ్ల ‘చెకుముకి’ పత్రిక బడికి తెప్పించు. పిల్లలు చదవడానికే అయినా ముందు నువ్వే చదువుతావు. బొంబాయిలో హోమీ భాభా సైన్సు విద్యా కేంద్రం మూడు నుంచి ఐదు తరగతులకి ‘స్మాల్ సైన్స్’ పేరుతో పుస్తకాలు వేసింది. ఇంగ్లీషులో ఉన్నాయి, భాష తేలిక. అందులో టీచరు పుస్తకం వేరేగా ఉంది, ముందు అది చదువు. ఒక ప్రశ్నకి పిల్లలు ఎన్ని రకాలుగా జవాబు చెప్పొచ్చో ఊహించి రాసిన పుస్తకాలు మనకు తక్కువ. కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ వాళ్లకి పెద్ద ఆవరణ ఉంది, టీచర్లకి శిక్షణ ఇస్తారు, సంచార ల్యాబు బండ్లు తిప్పుతారు. వీలైతే వేసవి సెలవుల్లో ఒకసారి చూసిరా.

పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేస్తే దీక్ష యాప్‌లో వీడియో వస్తుంది. ఇంటి దగ్గర సిగ్నలున్నప్పుడు దించి పెట్టుకో. తిమింగలం, చంద్రుడి మీద గోతులు, మనం చూపించలేనివాటికి అది వరం. మొలకెత్తే గింజని మాత్రం వీడియోలో చూపించకు. అరనిమిషంలో మొలక లేచి ఆకు విప్పేస్తే, తడిగుడ్డలో పెట్టిన శనగ కోసం నాలుగు రోజులు ఎదురుచూసే ఓపిక ఎవడికుంటుంది? ఆ ఎదురుచూపులోనే కదా పిల్లలు రోజూ గుడ్డ విప్పి వాసన చూసి పోట్లాడుకునేది.

నీ బడి లైబ్రరీలో ఏమున్నాయో పేర్లు రాసి పంపు. లేనివి సికింద్రాబాదులో ‘మంచి పుస్తకం’ సంస్థ వాళ్ల దగ్గర నుంచి తెప్పిస్తాను. డబ్బు మాటెత్తావంటే పంపించను. శనివారం సాయంత్రం బస్సెక్కితే ఆదివారం ఇక్కడే ఉండొచ్చు. కాంప్లెక్స్‌లో చేసి చూపించేదేదో మా వరండాలో ఒకసారి ఇద్దరం చేసి చూద్దాం. ఆ కుళ్లిన శనగల గిన్నె కూడా పట్టుకునిరా, మూత మాత్రం గట్టిగా పెట్టు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య